మూడో బ్యాటరీ

నా భార్య చివరి ప్రయాణం చెడగొట్టింది ఆమె తమ్ముడు. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఆరేళ్ళ క్రితం ఒక ఆదివారం ఉదయం ఆరు గంటలకు మా మోటార్‌హోమ్ స్టార్ట్ కాలేదు. ముందురోజు సాయంత్రం అందులో సామాన్లు సర్దింది నా బావమరిది. సర్దడం అయ్యాక కూడా గంటసేపు లోపలే కూర్చుని రేడియోలో పాటలు విన్నాడు. తెల్లారేసరికి బ్యాటరీ చచ్చింది. ఇంకో బండి తెచ్చి, వైర్లు తగిలించి ఇంజను లేపేసరికి పదకొండయింది. పన్నెండుకు, బయల్దేరకముందే, ఆమెకు జ్వరం వచ్చింది. ప్రయాణం ఆగిపోయింది. కొండల్లో ఒక సరస్సు ఉంది, తొమ్మిది గంటల దారి. అది చూడాలని ఆమెకు కోరిక. డాక్టరు ఆ ఒక్క వారమే వెళ్ళొచ్చన్నాడు. మళ్ళీ ఆ మాట ఎవరూ ఎత్తలేదు. రెండు నెలలకు ఆమే లేదు.

బండిని కళ్ళముందు నుంచి తీసెయ్యమని మెకానిక్‌కు తాళాలిచ్చేశాను. ఎవరికి అమ్మాడో అడగలేదు. బావమరిదితో ఆ రోజు నుంచి మాట్లాడలేదు.

నేను ఇరవై రెండేళ్ళు బండ్లకు వైరింగ్ చేశాను. తర్వాత, కాలిపోయిన బండి తనంతట తాను కాలిందా, ఎవరైనా అంటించారా అని తేల్చే పని దొరికింది. అక్కణ్ణుంచి జనం నన్ను డిటెక్టివ్ అన్నారు. బావమరిది నా దగ్గరే నాలుగేళ్ళు ఆ పని నేర్చుకున్నాడు. ఇప్పుడు వాడికి సొంత ఆఫీసు, దానికి అద్దాల తలుపు. నా ఆఫీసు తలుపు సరిగా పడదు.

ఆ పడని తలుపును తోసుకుని శుక్రవారం ఉదయం పది గంటలకు ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. నడుముకు తాళాల గుత్తి, వేళ్ళకు సుద్దపొడి. కూర్చోమంటే కూర్చోలేదు. కూర్చుంటే మాట పొడుగవుతుందంది.

ఆవిడ ఒక యార్డుకు కాపలామనిషి. పెద్ద రేకుల షెడ్డు. ఏడాదికి రెండుసార్లు షికారుకు తీసే మోటార్‌హోమ్‌లు మిగతా రోజుల్లో అక్కడ నిద్రపోతుంటాయి. మొత్తం ముప్పై ఒకటి. వాటిలో రిటైరైన ఒక నర్సమ్మ బండి ఉంది. నాలుగు నెలల్లో దాని ఇంజను బ్యాటరీ మూడుసార్లు చచ్చింది. రెండుసార్లు కొత్తది వేశారు. ఆ మూడోది కూడా పడుకుంటే పూర్తిగా ఛార్జి చేసి మొన్న బుధవారం సాయంత్రం తిరిగి బిగించారు. ఎవరో రోజూ లోపల దూరి లైట్లు వేసుకుని కూర్చుంటున్నారని నర్సమ్మ అనుమానం. తాళాలు ఉన్నది కాపలామనిషి దగ్గర. కాబట్టి ఎవరో కాదు, ఆవిడే. యార్డు యజమాని ఒక డిటెక్టివ్‌ను పెట్టాడు. సాయంత్రం అయిదు గంటలకు ఆ డిటెక్టివ్ నివేదిక ఇస్తాడు. తప్పు ఆవిడదే అని తేలితే ఉద్యోగం పోతుంది, దానితో గేటు పక్క గదీ పోతుంది.

"గది సంగతే నా బాధ అన్నయ్యగారూ. మా అమ్మ మెట్లెక్కలేదు. నేలమీద గది ఎక్కడ దొరుకుతుంది చెప్పండి. ఉద్యోగం అంటారా, తాళాలు వేసే పని లోకంలో ఎక్కడైనా ఉంటుంది."

నా దగ్గరికి ఎవరు పంపారని అడిగాను. బండి జబ్బు పట్టుకోవాలంటే ఊరు మొత్తానికి మీరొక్కరేనని ఒకాయన చెప్పాడట, ఎవరో చెప్పొద్దన్నాడట. పొగడ్త ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను ఆరా తియ్యలేదు. డిటెక్టివ్‌గా ఆ రోజు నేను చేసిన మొదటి తప్పు అదే.

*

పదకొండుకు యార్డు చేరాం. గేటు పక్క గదిలోంచి ఒక ముసలావిడ కిటికీలో తల పెట్టి, వీడేనా ఆ మనిషి అని కూతుర్ని అడిగింది. ఇతనే అని కూతురంది. ముసలావిడ నన్ను పైనుంచి కింది దాకా చూసి తల వెనక్కి తీసుకుంది. నా మీద ఆశ పెట్టుకున్నవాళ్ళలో అంత నిజాయితీ ఎప్పుడూ చూడలేదు.

షెడ్డులో ఆకుపచ్చ రంగు బండి పక్కన మడతకుర్చీ వేసుకుని నా బావమరిది కూర్చున్నాడు. యజమాని పెట్టిన డిటెక్టివ్ వాడే. ఒళ్ళో ఫైలు, జేబులో రెండు పెన్నులు. కాస్త లావయ్యాడు.

నేను కాపలామనిషి వైపు తిరిగాను. "ఆ కుర్చీలో పెద్దమనిషిని కొంచెం జరగమని చెప్పమ్మా. బండి చుట్టూ చూడాలి."

"ఆయన పక్కనే ఉన్నారు కదా అన్నయ్యగారూ."

"చెప్పు."

ఆవిడ చెప్పింది. వాడు కుర్చీతో సహా రెండడుగులు జరిగి, "ఆరేళ్ళ తర్వాత కనిపించి జరగమంటున్నారు, ఆయన ఆరోగ్యం బాగుందా అని అడుగమ్మా" అన్నాడు.

"బాగానే ఉందని చెప్పు. రేడియో వినను కాబట్టి."

కాపలామనిషి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తన ఉద్యోగం ఎలాంటివాళ్ళ చేతుల్లో పడిందో ఆ క్షణంలోనే ఆవిడకు అర్థమైనట్టుంది.

ముందు టైర్లు చూశాను. ముప్పై ఒక్క బండ్లకీ ముందు టైరు మీద సుద్దతో తేదీ, గంట రాసి ఉన్నాయి. బండి వచ్చి నిలబడగానే మెయిన్ స్విచ్ ఆపేసి, ఆపిన టైము టైరు మీద రాయడం ఆవిడ పద్ధతి. మోటార్‌హోమ్‌కు రెండు బ్యాటరీలుంటాయి. ఒకటి ఇంజనుకు, రెండోది లోపలి ఇంటికి. మెయిన్ స్విచ్ ఆపితే రెండూ బండి నుంచి తెగిపోవాలి. గడియారం దగ్గర్నుంచి గ్యాస్ అలారం దాకా ఏదీ చుక్క కరెంటు తాగకూడదు. నిలబెట్టిన బండి బ్యాటరీ బతకాలంటే అదొక్కటే మార్గం.

ఆకుపచ్చ బండి టైరు మీద బుధవారం, 5:50 అని ఉంది. చెరిపి మళ్ళీ రాసి ఉండొచ్చు కదా అన్నాను. చెరిపితే టైరు తెల్లబడుతుందని ఆవిడ పక్క బండి చూపించింది. దాని మీద నిజంగానే తెల్లటి మరక ఉంది. మొన్న ఆరుకు తొమ్మిది రాసి దిద్దుకుందట. ఆకుపచ్చ బండి టైరు నల్లగా ఉంది. అంటే బుధవారం ఆపిన స్విచ్ ఆపినట్టే ఉంది.

పదకొండున్నరకు నర్సమ్మ వచ్చింది. పొడుగు మనిషి. ఎవరితో మాట్లాడినా మంచం మీద పడుకున్నవాడితో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. నేను అడగకముందే తన బండి వయసు, తన వయసు, తన మోకాళ్ళ సంగతి చెప్పింది. బండి కొని అయిదున్నరేళ్ళయింది. ఒక మెకానిక్ ద్వారా కొంది. అంతకుముందు ఏ రంగులో ఉండేదో తెలియదు, తన చేతికి వచ్చేసరికి ఆకుపచ్చే, నంబరూ మారింది. అయిదేళ్ళు ఒక్క నలత లేదు. నాలుగు నెలలుగానే ఈ జబ్బు.

నాలుగు నెలల కిందట బండిలో ఏం మార్చారని అడిగాను.

"ఏమీ మార్చలేదు బాబూ."

ఇరవై రెండేళ్ళలో ఈ జవాబు కొన్ని వందలసార్లు విన్నాను. ఎప్పుడూ నిజం కాలేదు. అయినా రాసుకున్నాను.

*

బావమరిది తన సాక్ష్యాలు బండి మూతి మీద పరిచాడు. పరిచి, నాకు చూపించమని కాపలామనిషిని అడిగాడు. అంటే ఆవిడ మీద ఉన్న సాక్ష్యాన్ని ఆవిడ చేతే నాకు అందించాడు. ఆవిడ కూడా ఒక్కొక్కటీ తుడిచి మరీ అందించింది.

తొమ్మిది ఫొటోలు. గేటు మీది కెమెరా తీసినవి. ప్రతిదానిలోనూ ఆకుపచ్చ బండి వెనకభాగం, పైన చిన్న వెంటిలేటర్, అందులో పసుపుపచ్చని వెలుతురు. టైము అన్నింటిలోనూ సాయంత్రం ఆరు నలభైకి, ఏడుకు మధ్య. ఒక మనిషి రోజూ ఇరవై నిమిషాలు లోపల కూర్చుంటోందని వాడి వాదన. పైగా బుధవారం బ్యాటరీ బిగించినప్పుడే మీటరు పెట్టి చూశాడు. స్విచ్ వేసి తలుపు తెరిస్తే బండి నాలుగు ఆంపియర్ల పైనే లాగుతోంది. ఎవరో స్విచ్ వేసి, ఫ్రిజ్ నడిపి, లైటు వేసుకుని, వెళ్ళేటప్పుడు మళ్ళీ ఆపేస్తున్నారు.

"తలుపు తెరవగానే కొలిచాడేమో అడుగమ్మా."

"అవును, తెరవగానే కొలిచాను, తెరవకుండా ఎలా కొలుస్తారట."

"తలుపు తెరిస్తే బండి నిద్ర లేస్తుందని చెప్పు. లైట్లు వెలుగుతాయి, మెట్టు కిందికి దిగుతుంది, లోపలి పెట్టెలన్నీ ఎవరొచ్చారా అని చూస్తాయి. అది మళ్ళీ పడుకోవడానికి అరగంట పడుతుంది. నిద్ర లేచినవాడి నాడి పట్టుకుని జ్వరం అన్నట్టుంది ఆయన పరీక్ష. ఇది నేను నేర్పిన మొదటి పాఠం."

"ఆయన నేర్పినవన్నీ గుర్తున్నాయని చెప్పమ్మా. మర్చిపోయింది ఆయనేనేమో."

ఆ మాటను అప్పుడు పొగరనుకున్నాను.

నేను బండి తలుపులన్నీ మూయించాను. మెయిన్ స్విచ్ వేసి, బ్యాటరీకి, బండికి మధ్య నా మీటరు పెట్టి, నీడలో ఒక డబ్బా మీద కూర్చున్నాను. ఎవరూ బండిని ముట్టుకోవద్దన్నాను. నర్సమ్మకు ఇది నచ్చింది. వార్డులో పడుకున్న రోగి దగ్గరిలాగా గొంతు తగ్గించి, అందరినీ నోరు మూసుకోమంది. ముప్పై అయిదు నిమిషాలు నలుగురు పెద్దమనుషులం ఒక బండి నిద్రపోవడం కోసం కాచుకుని కూర్చున్నాం.

నాలుగు ఆంపియర్లు రెండయింది. రెండు ఒకటయింది. చివరికి 0.85 దగ్గర ఆగింది. ఇంకా ఎక్కువే. లేచి మెయిన్ స్విచ్ ఆపాను.

సున్నా రావాలి. 0.8 వచ్చింది.

అందరికీ వినపడేలా చదివాను. స్విచ్ ఆగి ఉండగానే ఏదో ఒకటి బ్యాటరీని తాగుతోంది. నేను ఫ్యూజులన్నీ ఒక్కొక్కటిగా పీకాను. పద్నాలుగు ఫ్యూజులు. నర్సమ్మ వాటిని అరచేతిలో వరసగా పేర్చింది. మీటరు కదల్లేదు. 0.8.

"అంటే ఏంటన్నయ్యగారూ?"

"అంటే, ఎవడో ఫ్యూజు లేకుండా, స్విచ్ దాటేసి, నేరుగా బ్యాటరీ నుంచి ఒక వైరు లాగాడు. పది వాట్ల బల్బు ఒకటి ఎక్కడో పగలూ రాత్రీ వెలుగుతోంది. కొత్త బ్యాటరీని చంపడానికి దానికి నాలుగు రోజులు చాలు. నువ్వు స్విచ్ ఆపి టైరు మీద రాసినా, ఆపకుండా పడుకున్నా ఒకటే."

ఫొటోలు మళ్ళీ తీసుకున్నాను. ఇప్పుడు అవి వేరేగా కనిపించాయి. తొమ్మిదీ మూడు గుంపులు. ప్రతి గుంపూ బ్యాటరీ బిగించిన రోజే మొదలైంది. మొదటి రెండూ నాలుగో రోజుకు ఆగిపోయాయి, మూడోది మొన్న బుధవారమే మొదలైంది. దొంగచాటుగా వచ్చే మనిషి బ్యాటరీని బట్టి రాదు. ఇక టైము. ఆరు నలభైకి ముందు పగటి వెలుతురు. ఏడుకు యార్డు దీపాలు వెలుగుతాయి. ఆ రెండింటి మధ్య ఇరవై నిమిషాల మసక చీకటిలోనే కెమెరాకు ఆ చిన్న వెలుతురు కనిపిస్తుంది. దీపం ఇరవై నిమిషాలు వెలగడం లేదు. ఇరవై నాలుగు గంటలూ వెలుగుతోంది. మనకు కనిపించేది ఇరవై నిమిషాలు.

కాపలామనిషి గేటు వైపు తిరిగి, "అమ్మా, సామాన్లు కట్టకు" అని కేకేసింది. ఇంకా తేలలేదన్నాను. కట్టినవి విప్పొద్దులే అని మళ్ళీ కేకేసింది.

నాకు కోపం ఆగలేదు. ఆ వైరు లాగిన ఎలక్ట్రీషియన్‌ను తిట్టడం మొదలుపెట్టాను. ఫ్యూజు పెట్టని చేతులు చేతులేనా అన్నాను. వాడికి పని నేర్పినవాణ్ణి కూడా కలిపి తిట్టాను. బావమరిది ఫైలు మూసి శ్రద్ధగా విన్నాడు.

"ఆ ఎలక్ట్రీషియన్ ఎదురుపడితే ఈయనేం చేస్తారో అడుగమ్మా" అన్నాడు.

"చెవి మెలేసి, ఆ వైరు వాడి చేతే విప్పిస్తానని చెప్పు."

"మాట మీద నిలబడతారా అని అడుగు."

"నేనెప్పుడూ నిలబడతానని చెప్పు."

వాడు ఆ మాట ఫైలులో రాసుకున్నాడు. టైము కూడా వేశాడు.

*

మూడు గంటలకు భోజనం మానేసి బండి లోపలంతా వెతికాను. వంటగట్టు కింద, మంచం కింద, సీట్ల వెనక. కొత్త చెక్కలు బిగించి లోపలంతా మార్చేశారు. బల్బు ఎక్కడా లేదు. ఇక మిగిలింది వెనకున్న బాత్‌రూమ్. దానికి తాళం ఉంది. నర్సమ్మ తన సొంత వస్తువులు అందులో పెట్టి తాళం తన దగ్గరే ఉంచుకుంటుందట. నిన్న గురువారం ఒక్కసారి ఈ డిటెక్టివ్ బాబుకు ఇచ్చానంది.

నేను కాపలామనిషి ద్వారా అడగడం మర్చిపోయి సూటిగా వాడి వైపు చూశాను. వాడు పైకప్పు రేకులు లెక్కపెడుతున్నాడు.

నాలుగు ఇరవైకి బాత్‌రూమ్ తలుపు తెరిచాను.

కిటికీ లేని గది, పైన వెంటిలేటర్ ఒక్కటే. అద్దం పక్కన గోడకు చిన్న అలమారా. దాని తలుపు మూసే ఉంది. కానీ అంచు పొడుగునా సన్నటి పసుపు గీత. తలుపు తెరిస్తే లోపల మందుసీసాలు, వాటి మీద పది వాట్ల బల్బు, తలుపు ఆనే చోట ఫ్రిజ్‌లో ఉండేలాంటి స్విచ్ బొడిపె. తలుపు పడితే బొడిపె నొక్కుకుని దీపం ఆరాలి. కానీ తలుపు లోపలి అంచుకు ఎవరో నల్లటి రబ్బరు పట్టీ అంటించారు. దానివల్ల తలుపు అర వేలు దూరంలో ఆగుతోంది. చూపుకు మూతపడినట్టే ఉంటుంది. బొడిపెకు మాత్రం పడలేదు.

నర్సమ్మను పిలిచాను.

"రబ్బరా? అది నేనే అంటించాను బాబూ. బండి కదిలితే తలుపు గడగడమనేది. అక్కడ పాత బంక మరక కూడా ఉంది. ముందెప్పుడో ఏదో అంటించి ఉండేదే, ఊడిపోయినట్టుందిలే అని."

ఎప్పుడని అడిగాను. నాలుగు నెలలయింది. అది మార్చడం కిందికి వస్తుందని తనకు తోచలేదట. తను తలుపు తెరిచేటప్పటికి ఎప్పుడూ బ్యాటరీ చచ్చే ఉంటుంది కాబట్టి దీపం వెలగడం చూడనే లేదు. అసలు ఆ బల్బు మాడిపోయిందనే అనుకుంది.

కేసు అక్కడితో అయిపోయింది. మిగిలిందల్లా వైరు ఎక్కడ కలిపారో చూడటం. అలమారా కింది చెక్క విప్పాను. రెండు స్క్రూలు. లోపలికి టార్చి వేశాను.

వైరు కలిపిన చోట టేపు చుట్టి ఉంది. టేపు మీద మైనం పట్టించిన దారం బిగించి మూడు ముళ్ళు వేసి ఉంది. నాకు పని నేర్పిన మా ఊరి మనిషి అలా కట్టేవాడు. బండి ఎంత అదిరినా టేపు ఊడదనేవాడు. ఆయన పోయాక అలా కట్టేవాణ్ణి నేనొక్కణ్ణే.

దారం మెరూన్ రంగు. అప్పుడు నా దగ్గర తెల్లదారం అయిపోతే నా భార్య తన కుట్టుపెట్టెలోంచి తీసిచ్చింది.

నేను ఆ నేల మీద కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. మీటరు బయట ఉండిపోయింది.

ఆరేళ్ళ కిందటి గురువారం అది. ప్రయాణం ఆదివారం. రాత్రిళ్ళు ఆమెకు మందులు వెతుక్కోవడం కష్టమయ్యేది. మెయిన్ స్విచ్ గట్టిది, ఆమె చేతికి బలం లేదు. అలమారా తెరిస్తే చాలు వెలగాలని బ్యాటరీ నుంచి నేరుగా లాగాను. ఫ్యూజు తెచ్చి వెయ్యడానికి అంగడి మూసేశారు. దీపం వెలిగిందా, ఆరిందా అని పదిసార్లు చూశాను. బాగానే ఆరింది. శుక్రవారం సీసాలు గలగలమంటున్నాయని, ఆమె నిద్ర చెడుతుందని, తలుపు అంచుకు అట్టముక్క అంటించాను. అంటించాక ఆరిందో లేదో చూడలేదు. తలుపు మూసిన తర్వాత లోపల దీపం ఆరిందో లేదో ఎవడు చూస్తాడు.

శుక్రవారం, శనివారం. రెండు రాత్రులు, రెండు పగళ్ళు. అప్పటికే పాతబడిన బ్యాటరీ. గంట రేడియోకు చచ్చేది కాదు. ఆ లెక్క నాకు ఆరేళ్ళ కిందటే తెలియాలి. తెలుసుకోలేదు. నాకు మనిషి దొరికాడు కాబట్టి లెక్క అక్కర్లేకపోయింది.

*

అయిదుకు యజమాని వచ్చాడు. మంచివాడే, కానీ తొందర మనిషి. నిలబడే విన్నాడు. రబ్బరు పట్టీ చూశాడు, బల్బు చూశాడు. నర్సమ్మ తన తప్పు ఒప్పుకుని కాపలామనిషి భుజం తట్టింది.

"బాగానే ఉంది. కానీ ఆ దొంగవైరు ఎవరు లాగారు?" అన్నాడు యజమాని. "ఈవిడే తన అవసరానికి లాగించుకుని ఉండొచ్చు. తాళాలు తన దగ్గరేగా. బాత్‌రూమ్ తాళం ఎంతసేపు."

బావమరిది లేచి, పాత యజమాని ఎవరో వేయించి ఉంటాడు, ఎవరైతేనేం అన్నాడు. రుజువేదని యజమాని అడిగాడు. ఆ వైరు వయసు రెండేళ్ళకు పైనే అని ఎవరు చెప్పగలరు అన్నాడు. కాపలామనిషి ఆ యార్డుకు వచ్చి రెండేళ్ళు.

గేటు పక్క కిటికీలో ముసలావిడ తల మళ్ళీ కనిపించింది. కట్టిన మూటలు ఆమె వెనక ఉన్నాయి.

నేను చెప్పాను. "ఆ వైరు వయసు ఆరేళ్ళ రెండు నెలలు. గురువారం సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర వరకు వేశారు. టేపు మీద మెరూన్ దారం, మూడు ముళ్ళు. వేసింది నేను. రాసివ్వమంటే రాసిస్తాను."

యజమాని రాసివ్వమన్నాడు. బండి మూతి మీద కాగితం పెట్టుకుని రాసి సంతకం పెట్టాను. ఆయన చదువుకుని, కాపలామనిషికి తన గది గొళ్ళెం పాతబడిందనీ, సోమవారం కొత్తది బిగిస్తారనీ చెప్పి వెళ్ళిపోయాడు. క్షమాపణ అంటే ఆయనకు అదే. ఆవిడకు సరిపోయింది. మూటలు విప్పమని గేటు వైపు కేకేసింది. విప్పేశానని అట్నుంచి జవాబొచ్చింది.

నర్సమ్మ ఫ్యూజులన్నీ తిరిగి నా చేతిలో పోసి, ఆ దీపం తీసేస్తావా బాబూ, మంచి దీపం అంది. తియ్యనన్నాను. స్విచ్ దాటకుండా, ఫ్యూజు పెట్టి మళ్ళీ వేస్తానన్నాను. రబ్బరు మాత్రం పీకేశాను.

బావమరిది మడతకుర్చీ మడుస్తున్నాడు. వాడి దగ్గరికి వెళ్ళాను. ఇంతకీ ఆ ఆదివారం ఏం జరిగింది అని అడగబోయి కుర్చీ రెండో వైపు పట్టుకున్నాను. వాడే చెప్పాడు. కాపలామనిషికి కాదు, నాకు.

"ఇంజను లేపాక దీపం చూసింది అక్కే బావా. నన్ను పిలిచి చూపించింది. అట్టముక్క నా చేతే పీకించింది. దీపం ఉంచెయ్, మీ బావ వేసింది అంది. ఆయనకు చెప్పకు, ఆయన మీద ఆయనకే కోపం వస్తే తట్టుకోలేడు, నీ మీద కోపమైతే అరిచి ఊరుకుంటాడు అంది."

"అరిచి ఊరుకున్నానా?"

"ఊరుకోలేదు. అక్కకు మీ సంగతి పూర్తిగా తెలియదు."

నిన్న అలమారా తెరవగానే వాడికి బండి ఏదో తెలిసిపోయింది. అక్కకిచ్చిన మాట తప్పలేడు. కాపలామనిషిని గదిలోంచి వెళ్ళగొట్టే నివేదికా రాయలేడు. అందుకని నిన్న సాయంత్రం ఆవిడకు నా ఆఫీసు దారి చెప్పాడు. తను చెప్పకుండా నేనే చూసుకుంటే మాట తప్పినట్టు కాదని వాడి లెక్క. పొద్దుటి నుంచి వాదించింది అందుకే. వాదిస్తే తప్ప నేను పని చెయ్యనని వాడికి తెలుసు.

వాడు ఫైలు తెరిచి ఒక కాగితం నా ముందు పెట్టాడు. "మధ్యాహ్నం ఒకటీ పది. ఆ ఎలక్ట్రీషియన్ ఎదురుపడితే చెవి మెలేస్తానన్నారు. మాట మీద నిలబడతానన్నారు."

కాపలామనిషి సాక్ష్యం తనదేనంది. ఆ మాటలన్నీ మోసింది తనే కదా.

నేను తల వంచాను. వాడు మెలేశాడు. గట్టిగానే. ఆరేళ్ళది ఒకేసారి.

"ఒరేయ్, చాల్లే" అన్నాను. వాడితో అన్న మొదటి మాట అది. వాడి కళ్ళు తడిశాయి. నావి చెవి నొప్పికి.

సామాన్లు వాడి కారులో వేసుకున్నాం. నా ఆఫీసు తలుపు పడటం లేదని, వచ్చి చూడమని దారిలో చెప్పాను. వాడు సరే అని, అక్క ఆ రోజు ఇంకో మాట కూడా అంది బావా అని మొదలుపెట్టాడు. వద్దన్నాను.

నా భార్య ప్రయాణం చెడగొట్టింది ఎవరో ఇక్కడ రాశాను. యార్డు ఫైలులో నా సంతకంతో ఉంది. కావలసినవాళ్ళు వెళ్ళి చదువుకోవచ్చు. నన్ను అడగొద్దు. ఈ సంగతి మళ్ళీ నా నోట రాదు.